శుక్రవారం కల్లానా, శుక్రవారం దాకానా? ఇంగ్లీషు ‘బై’ చేసే పనులు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఆఫీసుల్లో రోజూ కనబడే మెయిల్ వాక్యం ఒకటుంది: ‘వి విల్ టెస్ట్ ఇట్ టిల్ ఫ్రైడే.’ రాసినవాళ్లు చెప్పదలుచుకున్నది శుక్రవారం కల్లా టెస్టింగ్ ముగించి ఇచ్చేస్తామని. అవతల చదివే క్లయింటుకు అర్థమయ్యేది వేరు. శుక్రవారం దాకా టెస్టు చేస్తూ ఉంటారు, ఆ తర్వాత ఆపేస్తారు. ఫలితం ఎప్పుడు చేతికొస్తుందన్న మాటే ఆ వాక్యంలో లేదు. వ్యాకరణం సరిగ్గానే ఉండడంతో ఎవరికీ అనుమానం రాదు. శుక్రవారం సాయంత్రం ‘ఏదీ రిపోర్టు?’ అని ఫోను వచ్చాకే తేడా బయటపడుతుంది. అక్కడ ఉండాల్సిన మాట ‘బై’.

ఇంగ్లీషులో రెండే అక్షరాల మాట ఇది. గడువు చెప్పాలన్నా, ఎక్కిన బండి చెప్పాలన్నా, చేసిన మనిషిని చెప్పాలన్నా, రెండు అంకెల మధ్య తేడా చెప్పాలన్నా, స్థలం కొలత చెప్పాలన్నా, దగ్గరితనం చెప్పాలన్నా ఇదే. తెలుగులో ఒక్కో పనికి ఒక్కో మాట ఉంది: కల్లా, లో, చేత, ద్వారా, తేడాతో, లెక్కన, పక్కన. ఇంగ్లీషు ఇవన్నీ ఒక్కదాని నెత్తినే పెట్టింది. పాత ఇంగ్లీషులో దీని మొదటి అర్థం ‘దగ్గర, పక్కన’. ‘బిసైడ్’, ‘బిఫోర్’ మాటల మొదట్లో ఉన్న ‘బి’ ఈ ‘బై’ వంశానిదే. ‘బికాజ్’ కూడా ‘బై కాజ్’ కలిసిపోయి పుట్టిన మాటే.

మన బళ్లలో మాత్రం దీన్ని ఒకే తలుపులోంచి లోపలికి తీసుకొచ్చారు. యాక్టివ్ వాయిస్, ప్యాసివ్ వాయిస్ పాఠంలో ‘రాముడు రావణుణ్ణి చంపాడు’ను ‘రావణుడు రాముని చేత చంపబడ్డాడు’గా మార్చే అభ్యాసంతో ‘బై అంటే చేత’ అని బుర్రలో ముద్ర పడిపోయింది. పరీక్షకు అది సరిపోయింది. ఉద్యోగానికీ ఇంటి అద్దెకూ ప్రయాణానికీ ఎక్కువగా కావలసినవి మిగతా అర్థాలు. వాటి జోలికి ఆ పాఠం వెళ్లలేదు.

గడువు చెప్పే ‘బై’

అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చేది ఇక్కడి తప్పే కాబట్టి కాస్త నిదానంగా చూడాలి.

విచిత్రమేమిటంటే ఈ విషయంలో తెలుగు చాలా స్పష్టమైన భాష. ‘శుక్రవారం కల్లా ఇస్తాను’, ‘శుక్రవారం దాకా ఉంటాను’ అనేవాటిని తెలుగువాళ్లు ఎవరూ కలిపెయ్యరు. మొదటిది ‘బై ఫ్రైడే’, రెండోది ‘టిల్ ఫ్రైడే’. సరిగ్గా అతుకుతాయి. అయినా తప్పు జరగడానికి ఒక కారణం ఆఫీసు గాలి. హిందీలో ‘తక్’ అనే ఒక్క మాటే రెండు పనులూ చేస్తుంది. ‘సోమ్‌వార్ తక్ కర్ దేనా’ అంటే సోమవారం కల్లా చెయ్యమని, ‘సోమ్‌వార్ తక్ రుక్నా’ అంటే సోమవారం దాకా ఆగమని. అందుకే హిందీ మాట్లాడేవారి ఇంగ్లీషులో ‘ఫినిష్ ఇట్ టిల్ మండే’ తరచూ వస్తుంది. బెంగళూరు ఆఫీసు ఇంగ్లీషు నాలుగైదు భాషలవాళ్లు కలిసి తయారుచేసుకున్నది కాబట్టి ఆ వాడుక మనకూ అంటుకుంటుంది.

రెండో కారణం మన దగ్గరే ఉంది. కొన్ని ప్రాంతాల్లో మాట్లాడేటప్పుడు ‘రేపటి వరకు ఇచ్చేస్తా’ అంటారు. ఇక్కడ ‘వరకు’ నిజానికి ‘కల్లా’ పని చేస్తోంది. దాన్ని అలాగే ఇంగ్లీషులోకి దించితే ‘టిల్ టుమారో’ అయిపోతుంది. కాబట్టి ‘వరకు’ నోట్లోకి వచ్చిన ప్రతిసారీ దాని బదులు ‘కల్లా’ పెట్టి చూడాలి. కుదిరితే ‘బై’. కుదరక ‘దాకా’ కావలసి వస్తే ‘టిల్’ లేదా ‘అంటిల్’.

క్రియను బట్టి కూడా తేల్చుకోవచ్చు. ఫినిష్, సెండ్, సబ్మిట్, రీచ్, డెలివర్, పే లాంటివి ఒక క్షణంలో జరిగిపోయేవి, అయిందీ కాలేదూ అని చెప్పగలిగేవి. వీటికి గడువు ‘బై’. వెయిట్, స్టే, వర్క్, స్లీప్, కంటిన్యూ లాంటివి సాగేవి. వీటికి హద్దు ‘టిల్’. ‘కీప్ ది ఫైల్ టిల్ ఫ్రైడే’ అంటే శుక్రవారం దాకా ఫైలు దగ్గర పెట్టుకో. ‘కీప్ ది ఫైల్ రెడీ బై ఫ్రైడే’ అని మనవాళ్లు రాసేది ‘శుక్రవారం కల్లా సిద్ధం చేసి ఉంచు’ అన్న ఉద్దేశంతో. దానికి ‘హ్యావ్ ది ఫైల్ రెడీ బై ఫ్రైడే’ అనడం మేలు, ఎందుకంటే ‘కీప్’ సాగే క్రియ, ‘బై’తో దానికి పొత్తు కుదరదు.

కాదు, లేదు అనే వాక్యాల్లో ఈ రెండింటి తేడా ఇంకా పదునెక్కుతుంది. ‘ఇట్ విల్ నాట్ బి రెడీ టిల్ ఫ్రైడే’ అంటే శుక్రవారం దాకా సిద్ధం కాదు, శుక్రవారం అవుతుంది. ‘ఇట్ విల్ నాట్ బి రెడీ బై ఫ్రైడే’ అంటే శుక్రవారం కల్లా అవ్వదు, శుక్రవారం వచ్చినా పని మిగిలే ఉంటుంది. ఒకటి తేదీ ఇస్తోంది, రెండోది తేదీ తప్పుతుందని హెచ్చరిస్తోంది. మేనేజరుకు ఏ వాక్యం వెళ్లిందన్నదాన్ని బట్టి ఆ వారం రిలీజు ప్లానే మారిపోవచ్చు. తెలుగులో చెప్పి చూసుకుంటే పొరపాటుకు చోటుండదు.

‘లోపు’ తెచ్చే చిక్కు వేరు. ‘మూడు రోజుల్లోపు ఇస్తాను’ను ‘బై త్రీ డేస్’ అని రాసేస్తుంటారు. గడువు చెప్పే ‘బై’ తర్వాత గడియారంలోనో క్యాలెండర్‌లోనో వేలుపెట్టి చూపించగల ఒక బిందువు రావాలి: ఐదింటికి, గురువారానికి, 31వ తేదీకి. మూడు రోజులనేది బిందువు కాదు, కాలపు పొడుగు. దానికి ‘వితిన్ త్రీ డేస్’ అనాలి. ‘ఇన్ త్రీ డేస్’ అంటే సాధారణంగా మూడు రోజులు గడిచాక అని. ‘బై త్రీ డేస్’ అనే మాటకు ఇంగ్లీషులో వేరే అర్థం కూడా ఉంది. ‘డిలేడ్ బై త్రీ డేస్’ అంటే మూడు రోజులు ఆలస్యమైందని. త్వరగా ఇస్తానని చెప్పబోయి ఆలస్యాన్ని గుర్తుచేసే మాట వాడినట్టవుతుంది.

‘బై ఫ్రైడే’లో శుక్రవారం కలిసి ఉంటుందా? ఉంటుంది. శుక్రవారం ఇచ్చినా గడువులో ఇచ్చినట్టే. ‘బిఫోర్ ఫ్రైడే’ అంటే మాత్రం గురువారం రాత్రితో సరి. మన దేశపు ప్రభుత్వ నోటీసుల్లో ‘ఆన్ ఆర్ బిఫోర్’ అని రాసేది ఈ సందేహానికి తావు లేకుండా చెయ్యడానికే. బెంగళూరుకూ అమెరికాకూ మధ్య పని జరిగేచోట శుక్రవారం అంటే ఎవరి శుక్రవారమన్న ప్రశ్న కూడా ఉంటుంది. న్యూయార్క్‌లో శుక్రవారం సాయంత్రం 5 గంటలంటే మనకు శనివారం తెల్లవారుజామున 2:30, అక్కడ చలికాలపు సమయం నడుస్తున్నప్పుడైతే 3:30. కనుక ‘బై ఎండ్ ఆఫ్ డే ఫ్రైడే’ అని వదిలెయ్యకుండా ‘బై 6 పీఎం ఐఎస్‌టీ, ఫ్రైడే’ అని గంటా, కాలమండలమూ రాస్తే రెండు వైపులా గందరగోళం తప్పుతుంది.

ఇంకో చిన్న అలవాటు. ఆరింటికి వస్తాను అనడానికి ‘ఐ విల్ కమ్ బై సిక్స్’ అంటారు. అవతలివాళ్లు ఐదున్నరకే ఎదురుచూడడం మొదలుపెట్టవచ్చు, ఎందుకంటే ఆరు అక్కడ చివరి హద్దు మాత్రమే. సరిగ్గా ఆరుకైతే ‘ఎట్ సిక్స్’. సుమారుగా అయితే ‘అరౌండ్ సిక్స్’. మీటింగు మొదలయ్యే సమయానికి ఎప్పుడూ ‘ఎట్’.

తెలుగులో ‘సరికి’, ‘ఈపాటికి’, ‘అప్పటికే’ వచ్చిన చోటల్లా ఇంగ్లీషులో ‘బై’ తయారుగా ఉంటుంది. ఈపాటికి అంటే ‘బై నౌ’, అప్పటికి అంటే ‘బై దెన్’, వచ్చేసరికి అంటే ‘బై ది టైమ్’. ‘ఈపాటికి ఇల్లు చేరి ఉండాలి’ని ‘షి షుడ్ హ్యావ్ రీచ్డ్ హోమ్ బై నౌ’ అంటారు. ఇక్కడ రెండు తప్పులు జరుగుతుంటాయి. ‘మీరు వచ్చేసరికి వంట అయిపోతుంది’ అనేదాన్ని ‘బై ది టైమ్ యు విల్ కమ్’ అని మొదలుపెడతారు. ‘బై ది టైమ్’తో మొదలయ్యే భాగంలో ‘విల్’ రాదు. ‘బై ది టైమ్ యు కమ్, ది కుకింగ్ విల్ బి డన్.’ రెండోది జరిగిపోయిన కథలో వస్తుంది. ‘వాళ్లు మెజెస్టిక్ బస్టాండు చేరేసరికి బస్సు వెళ్లిపోయింది’లో బస్సు ముందు వెళ్లింది, వాళ్లు తర్వాత చేరారు. తెలుగు ఈ వరుసను ‘సరికి’తోనే చెప్పేస్తుంది, క్రియను ముట్టుకోదు. ఇంగ్లీషు క్రియ మీద కూడా గుర్తు పెడుతుంది: ‘బై ది టైమ్ దే రీచ్డ్ మెజెస్టిక్, ది బస్ హ్యాడ్ లెఫ్ట్.’ ‘హ్యాడ్’ లేకుండా ‘లెఫ్ట్’ అని మాత్రమే రాస్తే అర్థమైపోతుంది కానీ, రాతలో అది లోటుగానే కనబడుతుంది.

అంకెల పక్కన ‘బై’

ఇంటి అద్దె 25,000. ఓనరు మెసేజీ పెట్టారు: ‘రెంట్ విల్ బి ఇంక్రీజ్డ్ బై 5 పర్సెంట్.’ అంటే 1,250 కలిసి 26,250. అదే ‘ఇంక్రీజ్డ్ బై 2,000’ అయితే 27,000. ‘ఇంక్రీజ్డ్ టు 27,000’ అన్నా అంతే. ‘ఇంక్రీజ్డ్ బై 27,000’ అని ఎవరైనా రాస్తే అద్దె 52,000 అయినట్టు. ‘బై’ ఎంత పెరిగిందో చెబుతుంది, ‘టు’ ఎక్కడికి చేరిందో చెబుతుంది. తెలుగులో ‘27 వేలకు పెంచారు’లోని ‘కు’యే ‘టు’. ‘రెండు వేలు పెంచారు’లో మాత్రం రెండు వేల వెనక ఏ ప్రత్యయమూ లేదు, అందుకని ఇంగ్లీషులోనూ ఏమీ పెట్టకుండా ‘దే ఇంక్రీజ్డ్ టూ థౌజండ్’ అనేస్తారు. ఆ ఖాళీలో ‘బై’ ఉండాలి.

ఆఫీసు రిపోర్టుల్లో ఈ తేడా మరీ ఖరీదైనది. ఒక పేజీ తెరుచుకోవడానికి 800 మిల్లీసెకన్లు పడుతోందనుకోండి. ‘రెడ్యూస్డ్ బై 200’ అంటే ఇప్పుడు 600 పడుతోంది. ‘రెడ్యూస్డ్ టు 200’ అంటే నాలుగో వంతుకు దిగింది. ఒక్క మాట మారితే చేసిన పని మూడింతలు ఎక్కువగానో తక్కువగానో కనబడుతుంది.

ఈ ‘బై’ని గుర్తుపెట్టుకోవడానికి క్రికెట్‌కు మించిన గురువు లేదు. ‘ఆరు వికెట్ల తేడాతో గెలిచింది’ని ‘వన్ బై సిక్స్ వికెట్స్’ అనడం చిన్నస్వామి స్టేడియానికి వెళ్లేవాళ్లకీ టీవీ ముందు కూర్చునేవాళ్లకీ ఎవరూ నేర్పక్కర్లేదు. ‘తేడాతో’ అన్న మాట ఎక్కడ పెట్టగలిగితే అక్కడ ‘బై’. ‘రెండు నిమిషాల్లో బస్సు తప్పిపోయింది’ అంటాం. తేడాయే కాబట్టి ‘మిస్డ్ ది బస్ బై టూ మినిట్స్’, ‘ఇన్ టూ మినిట్స్’ కాదు. ‘ఒక్క మార్కుతో పోయింది’ అంటాం. ‘ఫెయిల్డ్ బై వన్ మార్క్’, ‘విత్ వన్ మార్క్’ కాదు. లెక్కలో 200 తక్కువైతే ‘షార్ట్ బై 200 రుపీస్’.

కొలతల ‘బై’ బెంగళూరులో అందరి నోటా ఉండేదే. సైట్ల సంగతి వస్తే 20 బై 30, 30 బై 40, 40 బై 60 అని తప్ప వేరే మాట వినబడదు. ఇక్కడ ‘బై’ అంటే గుణకారం: 30 అడుగులు ఒకవైపు, 40 అడుగులు ఇంకోవైపు, మొత్తం 1,200 చదరపు అడుగులు. ఆంధ్ర, తెలంగాణ నుంచి వచ్చినవాళ్లకు గజాల్లో చెబితే గానీ సైటు కళ్లకు కట్టదు కాబట్టి, తొమ్మిదితో భాగించుకుంటే సుమారు 133 గజాలు. 40 బై 60 అయితే 2,400 చదరపు అడుగులు, దాదాపు 267 గజాలు. కొలతల్లో ఈ ‘బై’ ప్రపంచంలో ఎక్కడైనా చెల్లుతుంది.

అదే నగరంలో దర్శిని అనే, నిలబడి తినే హోటల్ కౌంటర్ ముందు ‘బై టూ కాఫీ’ అంటే ఒక కాఫీని రెండు కప్పుల్లో పోసి ఇస్తారు. ఇది భాగహారం. మన లెక్కల క్లాసులో గీతకు పైనా కిందా ఉన్న అంకెల్ని ‘త్రీ బై ఫోర్’ అని చదవడం నుంచి వచ్చింది. ఈ గీత-బై మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, బయట మాత్రం తడబాటు తెస్తుంది. విదేశీయులు ‘త్రీ బై ఫోర్’ను మూడు నాలుగుల కొలతగా తీసుకునే అవకాశం ఎక్కువ. వాళ్లకు అది ‘త్రీ ఫోర్త్స్’ లేదా ‘త్రీ క్వార్టర్స్’. భాగహారానికి ‘టెన్ డివైడెడ్ బై టూ’ అని పూర్తిగా అనాలి. బీపీ 120/80 ఉంటే ఇక్కడ ‘వన్ ట్వెంటీ బై ఎయిటీ’, అక్కడ ‘వన్ ట్వెంటీ ఓవర్ ఎయిటీ’. ఇంటి నంబరు 45/2ను మనం ‘ఫార్టీఫైవ్ బై టూ’ అని చెబుతాం. విదేశీ కస్టమర్ సర్వీసుతో ఫోనులో మాట్లాడేటప్పుడు ‘స్లాష్’ అని చెబితే అడ్రసు సరిగ్గా ఎక్కుతుంది. ‘ట్వెంటీఫోర్ బై సెవెన్’ కూడా బయట ‘ట్వెంటీఫోర్ సెవెన్’ మాత్రమే. ఇంట్లో, దర్శినిలో, ఇక్కడి డాక్టరు దగ్గర మన వాడుకను మార్చుకోనక్కర్లేదు. అది తప్పు ఇంగ్లీషు కాదు, ఇక్కడి ఇంగ్లీషు. ఎవరితో మాట్లాడుతున్నామో తెలిసి వాడితే చాలు.

కొలిచి అమ్మే లెక్క ఇంకొకటి. ‘కిలోల లెక్కన అమ్ముతారు’ అంటే ‘సోల్డ్ బై ది కిలో’, ‘గంటల లెక్కన ఇస్తారు’ అంటే ‘పెయిడ్ బై ది అవర్’. మధ్యలో ‘ది’ తప్పనిసరి. ధర చెప్పేటప్పుడు మాత్రం ‘బై’ రాదు: ‘60 రుపీస్ ఎ కిలో’ లేదా ‘పర్ కిలో’.

బండి, డబ్బు, పద్ధతి

బస్సులో, ట్రెయిన్‌లో, ఆటోలో అని తెలుగు ఒకే ‘లో’తో సరిపెట్టుకుంటుంది. ఇంగ్లీషులో ‘బై బస్’, ‘బై ట్రెయిన్’, ‘బై మెట్రో’, ‘బై ఆటో’. ఇక్కడ ఒక నియమం దాదాపు ఎప్పుడూ తప్పదు: ‘బై’ తర్వాత వాహనం పేరు ఒంటరిగా నిలబడాలి. ఎ, ది, మై గానీ, 335ఈ లాంటి బస్సు నంబరు గానీ ముందు చేరిందంటే ‘బై’ తప్పుకుంటుంది. ‘బై మై కార్’ అనరు, ‘ఇన్ మై కార్’ అంటారు. ‘బై ది 335ఈ’ అనరు, ‘ఆన్ ది 335ఈ’ అంటారు. కారు, ఆటో, ట్యాక్సీ లోపల కూర్చునేవి కనుక ‘ఇన్’. లేచి నడవగలిగే బస్సు, రైలు, విమానానికీ, పైనెక్కి కూర్చునే బైకు, సైకిలుకీ ‘ఆన్’. పండక్కి ఊరెళ్లేవాళ్లు ‘వి ఆర్ గోయింగ్ బై బస్’ అంటారు, అదే టికెట్ దొరికిన బస్సు గురించైతే ‘వి ఆర్ ఆన్ ది 10 పీఎం బస్’ అంటారు.

‘బై వాక్’ అన్నది బెంగళూరులో ఎక్కడ చూసినా వినబడుతుంది. ఇక్కడివాళ్లకు అర్థమవుతుంది. ఇంటర్వ్యూలోనో పరీక్షలోనో అయితే ‘ఆన్ ఫుట్’ అనాలి, లేకపోతే ఇంకా తేలిగ్గా ‘ఐ వాక్ టు ఆఫీస్’.

డబ్బు కట్టడానికీ ఇదే తరహా: బై కార్డ్, బై చెక్, బై యూపీఐ. నోట్లు ఇస్తే మాత్రం ‘ఇన్ క్యాష్’. పంపే దారులు బై పోస్ట్, బై కొరియర్, బై ఈమెయిల్. వీటన్నిటిలోనూ మాట ఒంటరిగానే ఉందని గమనించాలి.

పద్ధతిని క్రియతో చెప్పాలంటే ‘బై’ తర్వాత ‘ఇంగ్’ రూపం వస్తుంది. ‘ఈ లింకు నొక్కి పాస్‌వర్డ్ మార్చుకోండి’కి ‘యు కెన్ చేంజ్ ది పాస్‌వర్డ్ బై క్లికింగ్ దిస్ లింక్’. ‘బై క్లిక్’ అనీ ‘బై టు క్లిక్’ అనీ రాసేవి రెండూ తప్పే. చేతిలో పట్టుకునే పనిముట్టు అయితే ‘బై’ కాదు, ‘విత్’: కత్తితో కోస్తే ‘విత్ ఎ నైఫ్’, తాళంచెవితో తీస్తే ‘విత్ ఎ కీ’. ఏ మిషనూ లేకుండా చేత్తో చేసినదైతే ‘బై హ్యాండ్’, అక్కడ మళ్లీ మాట ఒంటరి.

చేసిన మనిషి

ఇక బళ్లో నేర్చుకున్న ‘చేత’. నిజానికి మాట్లాడే తెలుగులో ‘చేత చంపబడ్డాడు’ లాంటివి దాదాపు లేవు. మనం ఏం చేస్తామంటే వాక్యంలో మాటల వరుస మారుస్తాం: ‘ఈ ఇల్లు మా తాతగారు కట్టించారు.’ ఇల్లు ముందుకొచ్చింది, కట్టించిన మనిషి వెనక్కి వెళ్లారు. ఇంగ్లీషులో వరుసను అలా మార్చలేరు కాబట్టి ప్యాసివ్‌నూ ‘బై’నీ తెచ్చుకుంటారు: ‘దిస్ హౌస్ వాజ్ బిల్ట్ బై మై గ్రాండ్‌ఫాదర్.’ అంటే ‘బై’ని పట్టుకోవాల్సింది ‘బడు’ ఉన్న వాక్యాల్లో కాదు, కర్మ ముందూ కర్త తర్వాతా వచ్చే మామూలు తెలుగు వాక్యాల్లో. ఈ దారిలో నేర్చుకుంటే ఎక్కడ ప్యాసివ్ వాడాలో కూడా దానంతటదే తెలుస్తుంది.

చేసినవాళ్లెవరో ముఖ్యం కానప్పుడు ‘బై’ పెట్టనే కూడదు. ‘మా వీధి మళ్లీ తవ్వేశారు’ అంటే ‘అవర్ స్ట్రీట్ హ్యాజ్ బీన్ డగ్ అప్ అగైన్’, అక్కడితో చాలు. ‘బై దెమ్’, ‘బై పీపుల్’ అని తోక తగిలించడం ఆ బడి అభ్యాసం వదిలిన అలవాటే.

మనిషీ పనిముట్టూ రెండూ ఉన్నప్పుడు ఎవరి మాట వాళ్లకే: ‘ది విండో వాజ్ బ్రోకెన్ బై ఎ బాయ్ విత్ ఎ స్టోన్.’ కొన్ని మాటలకు మాత్రం ప్యాసివ్ పోలిక ఉన్నా ‘బై’ కుదరదు. ‘మ్యారీడ్ టు’, ‘ఇంట్రెస్టెడ్ ఇన్’, ‘ఫిల్డ్ విత్’ అలాంటివే. ‘షి ఈజ్ మ్యారీడ్ బై ఎ డాక్టర్’ అని అంటే, డాక్టరే దగ్గరుండి పెళ్లి జరిపించాడన్న అర్థం రావచ్చు.

దగ్గరితనం చెప్పే పాత అర్థం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ‘ఎ హౌస్ బై ది లేక్’ అంటే చెరువు గట్టునే ఉన్న ఇల్లు, ‘నియర్ ది లేక్’ అంటే అటుపక్క ఎక్కడో. ఇళ్ల ప్రకటనలు చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవడం మంచిది. కదలికతో కలిస్తే పక్కనుంచి వెళ్లడమో, దారిలో ఒకసారి ఆగి వెళ్లడమో: ‘పాస్ బై’, ‘డ్రాప్ బై’. ఒంటరిగా, ఎవరి సాయం లేకుండా అనడానికి ‘బై మైసెల్ఫ్’. పొరపాటున అంటే ‘బై మిస్టేక్’. అన్నట్టు అంటే ‘బై ది వే’.

‘బైహార్ట్ చేశాను’ అన్న మాట తెలుగులో ఎంత కలిసిపోయిందంటే దాన్నే తిరిగి ఇంగ్లీషులోకి తీసుకెళ్లి ‘ఐ బైహార్టెడ్ ఇట్’ అంటారు. అక్కడ అది క్రియ కాదు. ‘ఐ లర్న్ట్ ఇట్ బై హార్ట్’ అని రెండు మాటలుగా విడదీయాలి, ముందు ‘లర్న్’ ఉండాలి.

సరిచూసుకోవడం

ఇన్ని అర్థాలూ ఒకేసారి పట్టించుకోవాల్సిన పని లేదు. పంపిన మెయిళ్లు తెరిచి వెతికే పెట్టెలో ‘టిల్’ అని కొడితే చాలు, సొంత తప్పులు వరసగా బయటికొస్తాయి. ఒక్కో వాక్యాన్నీ తెలుగులో పైకి చెప్పుకోవాలి. ‘కల్లా’ అనిపించినచోట ‘బై’తో మళ్లీ రాయాలి. ఆ తర్వాత ‘ఇంక్రీజ్డ్’, ‘రెడ్యూస్డ్’ అని వెతికి, ‘తేడా’నా ‘చేరిన చోటు’నా అని చూసుకోవాలి. ఈ రెండు వెతుకులాటల్లోనే పనికి అడ్డొచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం దొరుకుతాయి. ‘బై వాక్’ లాంటివి వినడానికి కాస్త తేడాగా ఉన్నా ఎవరి పనీ ఆగదు కనుక వాటిని తర్వాత దిద్దుకోవచ్చు.

చేతిని అలవాటు చెయ్యడానికి నాలుగు వాక్యాలు. ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు చెప్పి చూసుకోవచ్చు. ‘నెలాఖరు దాకా ఈ పీజీలోనే ఉంటాను, ఆలోపు ఇల్లు దొరుకుతుంది’కి ‘ఐ విల్ స్టే ఇన్ దిస్ పీజీ టిల్ ది ఎండ్ ఆఫ్ ది మంత్, ఐ విల్ ఫైండ్ ఎ హౌస్ బై దెన్’. ‘అడ్వాన్సు పదివేలు తగ్గించారు, ఇప్పుడు లక్ష’కి ‘దే రెడ్యూస్డ్ ది డిపాజిట్ బై టెన్ థౌజండ్, టు వన్ ల్యాక్’. ‘మెట్రోలో వస్తే తొమ్మిదింటికల్లా చేరతాం’కి ‘ఇఫ్ వి కమ్ బై మెట్రో, వి విల్ రీచ్ బై నైన్’. ‘సోమవారం కల్లా అవ్వదు, బుధవారం ఇస్తాం’కి ‘ఇట్ విల్ నాట్ బి డన్ బై మండే, వి విల్ గివ్ ఇట్ ఆన్ వెన్స్‌డే’. చివరి వాక్యంలో తేదీకి ‘ఆన్’ వచ్చింది, ఎందుకంటే అక్కడ హద్దు చెప్పడం లేదు, ఇచ్చే రోజునే చెబుతున్నాం.